టిఫిన్ క్యారేజీలో కార్బొరేటర్

హౌరా స్టేషన్లో దిగేసరికి నా చేతుల్లో రెండు సంచులున్నాయి. ఒకదాన్లో ఆత్రేయపురం పూతరేకుల పెట్టెలు. రెండోదాన్లో నాలుగు గిన్నెల టిఫిన్ క్యారేజీ. పై గిన్నెలోని పులిహోర బరంపురం రాకముందే అయిపోయింది. కింది మూడింటిలో మా నాన్నగారి అంబాసిడర్ కారు కార్బొరేటరూ, పెట్రోలు పంపూ ఉన్నాయి. విడి ముక్కలుగా విప్పి, పాత పంచె గుడ్డల్లో చుట్టి పెట్టాను. కిరసనాయిల్లో కడిగి మూడు రోజులు ఎండబెట్టినా ఆ వాసన వదల్లేదు. పులిహోరకీ కాస్త అంటింది. ఆకలి మీదున్నాను కాబట్టి సరిపోయింది.

మాది రామచంద్రపురం. నాన్నగారు చుట్టుపక్కల పల్లెలకి వైద్యానికి తిరిగిన కారు అది, 1972 నాటి మార్క్ టూ. ఆయన పోయాక పదిహేడేళ్లు షెడ్డులో అలాగే ఉండిపోయింది. పైన కొబ్బరి మట్టలు, వెనక సీటులో ఏటా పిల్లి కాన్పులు. పోయిన సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా తమ్ముడు "అక్కా, ఒకసారి స్టార్ట్ చేసి చూద్దామా" అన్నాడు. రెండు వారాలుండి వాడు విమానం ఎక్కేశాడు. కారు మాత్రం నా నెత్తిన పడింది.

కార్లు బాగుచేసే మా మేస్త్రీగారు వచ్చీ రాగానే తాళం చెవి నా చేతిలోంచి లాక్కున్నారు. "ఇప్పుడు తిప్పారంటే ట్యాంకులో మడ్డంతా కార్బొరేటర్లోకి పోతాదమ్మా" అని, ట్యాంకు అడుగున మర విప్పి పళ్లెం పెట్టారు. కారింది పెట్రోలంటే మీరు నమ్మరు. రంగు తాటిబెల్లం పాకం. వాసన పాత వార్నిషు డబ్బా. పెట్రోల్లో తేలికపాటి భాగమంతా ఏళ్ల తరబడి ఎగిరిపోగా, మిగిలింది గాలి తగిలి బంకగా మారుతుందట. ఆ బంకే సన్నని దారులన్నీ మూసేస్తుంది. ట్యాంకు దింపి, లోపల గుప్పెడు నట్లూ ఒక సైకిలు చైను ముక్కా వేసి, కన్నాలు మూసి, ఇద్దరు కుర్రాళ్లు దాన్ని అటూ ఇటూ పట్టుకుని పూటంతా ఊపారు. తర్వాత తుప్పు తినే యాసిడ్, ఆ తర్వాత వంటసోడా నీళ్లు, ఆ తర్వాత ఎండ. పెట్రోలు గొట్టంలోకి పంక్చర్ షాపు గాలి కొడితే మొదట ఏమీ రాలేదు. రెండోసారి కుమ్మరి పురుగు కట్టుకున్న మట్టి గూడు తుపాకి గుండులా వచ్చి ఎదుటి గోడకి తగిలింది.

ఇంతవరకూ మా ఊళ్లోనే అయింది. కార్బొరేటరూ పంపూ విప్పి చూశాక మేస్త్రీగారు తల అడ్డంగా ఊపారు. బెజవాడ ఆటోనగర్లో దొరకనిదంటూ ఉండదంటారు కదా, వెళ్లాను. అక్కడ మూడు కొట్లలో ఒకటే సలహా. "ఆ పెట్రోలు ఇంజిను పీకించేసి డీజిల్ పెట్టించుకోండి మేడం." ఫోన్లో ఆర్డరిస్తే ఒకసారి స్కూటరు కార్బొరేటర్, రెండోసారి ఖాళీ పెట్టె వచ్చాయి. చివరికి మేస్త్రీగారే అన్నారు, "కలకత్తా మల్లిక్ బజార్ వెళ్తే ఉంటాదమ్మా. ఫొటోలు పనికిరావు, ముక్క పట్టుకెళ్లండి."

అలా బయల్దేరాను. రైల్లో ఎదుటి బెర్తులో ఒక పెద్దావిడ, ఖరగ్‌పూర్ ఆవిడ. వాళ్ల తాతగారు రైల్వే ఉద్యోగానికని శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి అక్కడే స్థిరపడ్డారట. ఖరగ్‌పూర్లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారని వినడమే గానీ, మన మాటలో బెంగాలీ కూతలు పడితే ఎలా ఉంటుందో ఆవిడ దగ్గరే విన్నాను. "కొతో అని అడుగు తల్లీ, ఎంత అని. వాడేం చెప్పినా ఒరెబాబా అను. అదొక్కటి వస్తే చాలు, ఊరంతా తిరిగేయొచ్చు." ఒరెబాబా నాకు ముందే వచ్చు. మా వైపు ఓరి బాబోయ్ అంటాం.

హౌరా బయటికి రాగానే వరసగా పసుపుపచ్చ అంబాసిడర్ టాక్సీలు. నేను కదల్లేకపోయాను. మా ఊళ్లో నా కారును చూసి పిల్లలు "ఇది సినిమా కారా ఆంటీ" అని అడుగుతారు. ఇక్కడేమో అవే కార్లు బద్ధకంగా నిలబడి ఉన్నాయి, గేదెల మందలా. ఒక డ్రైవరు బానెట్ మీద తువ్వాలు ఆరేసుకున్నాడు. మనం పురావస్తువని జాగ్రత్త చేసుకునేదాని మీద ఎదుటివాడు బట్టలారేసుకుంటుంటే మనసు ఎలా ఉంటుందో చెప్పలేను.

వంతెన నడిచి దాటాలని సరదా పుట్టింది. మన రాజమండ్రి హావ్‌లాక్ వంతెన 1900లో కట్టింది, 1997లో రైళ్లు ఆపేసి విశ్రాంతి ఇచ్చాం. ఈ హౌరా వంతెన 1943 నాటిది, దీనికి విశ్రాంతి లేదు. నది మధ్యలో ఒక్క స్తంభం లేదు, నట్లూ బోల్టులూ లేవు, అంతా రివెట్లే. నడిచేవాళ్ల తోపులాటలో నేను నడవక్కర్లేకపోయింది, జనమే అవతలికి చేర్చారు. వంతెనను పట్టి ఉంచే ఉక్కు కడ్డీల మొదళ్లకి ఏవో తొడుగులు కనిపిస్తే ఏమిటని అడిగాను. దారిన పోయేవాళ్లు కిళ్లీ నమిలి ఉమ్మిన ఉమ్ములు ఉక్కును తినేస్తున్నాయని ఫైబర్‌గ్లాస్ తొడిగారట. పదిహేడేళ్ల తుప్పు కడిగి వచ్చినదాన్ని, అంత పెద్ద వంతెన మీద జాలి కలిగింది.

వంతెన దిగాక ఒకాయన్ని మల్లిక్ బజార్ ఎటు అని అడిగాను. నా హిందీ ఎలా వినబడిందో ఏమో, ఆయన మెట్ల కేసి చెయ్యి చూపించాడు. దిగాను. ఎటు చూసినా బంతిపూలు! తాళ్ల లావున దండలు, గుట్టలుగా తామర మొగ్గలు, మనుషుల నెత్తి మీద కదిలిపోతున్న పూల బుట్టలు. కాళ్ల కింద బురద, ఆ బురదలోనూ పూలే. మా కడియపులంక పూల మార్కెట్ చూసిన కళ్లు నావి, పూలకి తొందరగా లొంగను. ఇది మాత్రం అలాంటివి నాలుగు కలిపి ఒక సందులో కుక్కినట్టుంది. ఇక్కడ కారు సామాన్లు ఎవరమ్ముతారు? ఒక దండలవాడికి క్యారేజీ మూత తీసి చూపించాను. వాడు చూసి, వాసన చూసి, పక్కవాణ్ణి పిలిచాడు. పక్కవాడు ఇంకొకణ్ణి పిలిచాడు. అయిదుగురు కలిసి నవ్వాక తేలింది, నేనొచ్చింది మల్లిక్ ఘాట్‌కి. నాక్కావలసింది మల్లిక్ బజార్. ఊరికి అటు చివర. ఇద్దరు మల్లిక్‌ల మధ్య చిక్కుకుని, ఇరవై రూపాయల బంతిదండ ఒకటి కొనుక్కుని మెట్లెక్కాను. కారుకి కడదామని.

పసుపు టాక్సీ ఎక్కాను. డ్రైవరు బీహారాయన. నా క్యారేజీలో ఏముందో విని పగలబడి నవ్వాడు. "మాది డీజిల్ దీదీ, కార్బొరేటర్ మొహం చూసి ఎన్నాళ్లయిందో." ఆయన చెప్పిన లెక్క మరోటి ఉంది. కోల్‌కతాలో 15 ఏళ్లు దాటిన టాక్సీ తిరగకూడదు. అంబాసిడర్ తయారీ ఆగింది 2014లో. వేళ్లు మడిచి చూపించి, "మీరు సరైన టైముకే వచ్చారు" అన్నాడు. మీరు వెళ్లాలనుకుంటే ఈ లెక్క గుర్తుంచుకోండి. పార్క్ స్ట్రీట్ పొడుగునా కిటికీ అద్దం దింపి కూర్చున్నాను. ఆ సీటు స్ప్రింగు మోత, ఆ హ్యాండిలు తిప్పే బిగువు, మలుపులో ఓడలా ఒరిగే తీరు, అన్నీ తెలిసినవే.

పార్క్ స్ట్రీట్ వెళ్లి పెద్ద రోడ్డును కలిసే కూడలి దగ్గరే మల్లిక్ బజార్. దూరం నుంచి నల్లగా, దగ్గరికెళ్తే నూనె వాసనగా ఉంటుంది. కొట్టంటే కొట్టు కాదు, గోడలోంచి బయటికి పొంగిన ఇనుము. ఇంజిను బ్లాకులు గుమ్మడికాయల్లా పేర్చి ఉన్నాయి. స్టీరింగ్ చక్రాలు గాజుల మలారంలా కర్రకి దూర్చి వేలాడదీశారు. హెడ్‌లైట్ల గుత్తులు మన వైపే చూస్తుంటాయి. మా ఆటోనగర్లో బోర్డులుంటాయి, ఏ కొట్లో ఏది దొరుకుతుందో రాసి ఉంటుంది. ఇక్కడ బోర్డు చదివి లాభం లేదు. మనకి కావలసిన పేరు గట్టిగా అనాలి, ఆ పేరు ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకి ఎక్కడో ఆగాలి. "ఎస్‌యూ! అంబాసిడర్! పెట్రోల్!" అని ఒక కుర్రాడు అరిచాడు. నాలుగు కొట్ల అవతల ఎవరో "చాచా!" అన్నారు. నన్నక్కడికి పంపారు.

చాచాకి డెబ్బై దాటి ఉంటాయి. చెక్క అరుగు మీద మఠం వేసుక్కూర్చుని, ముక్కు మీద సోడాబుడ్డి కళ్లద్దాలు. నేను క్యారేజీ గిన్నెలు ఒక్కొక్కటే దించి పెడుతుంటే, "ఖానా లాయీ హో బేటీ?" అన్నాడు. అవును, మీకే తెచ్చానని నా హిందీలో అన్నాను. ఆయనకి అర్థమయింది, నవ్వాడు. అక్కణ్ణుంచి నా భయం పోయింది.

"కొత్తది కొనాలా?" అనడిగాను. ఆ మాట ఆయనకి నచ్చలేదు. కార్బొరేటర్ తిప్పి చూశాడు. ఈ ఎస్‌యూ రకం కార్బొరేటర్లో పైన ఇత్తడి మూత ఉన్న పెద్ద బుడ్డి ఉంటుంది, దాని లోపల ఒక పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. పిస్టన్ కింద సన్నని సూది. గాలి లాగే కొద్దీ పిస్టన్ లేస్తుంది, సూది లేస్తుంది, కిందనున్న జెట్ కన్నంలోంచి పెట్రోలు ఎక్కువ వస్తుంది. అంతే యంత్రం. చాచా కింద నుంచి వేలితో పిస్టన్ను పైకెత్తి వదిలాడు. అది పడలేదు. కాసేపు ఆలోచించి, బెల్లప్పాకంలో గరిటెలా మెల్లిగా దిగి మధ్యలో ఆగిపోయింది. ఇంకో కార్బొరేటర్ గుట్టలోంచి లాగి దాన్నీ ఎత్తి వదిలాడు. ఠక్! "ఈ చప్పుడు వినిపించాలి. వినిపిస్తే అది బతికున్నట్టు" అన్నాడు.

తర్వాత ఆయన చేసిన పని నేను అరుగంచున కూర్చుని గంటన్నర చూశాను. టూత్‌బ్రష్షు, చిన్న గిన్నెలో ఏదో కడుగు మందు, మెత్తటి గుడ్డ. అంతకుమించి ఏమీ లేదు. నేను సాయంగా ఉంటుందని ఎమరీ పేపరు అందించబోతే చేతి మీద చిన్న దెబ్బ వేశాడు. బుడ్డికీ పిస్టన్‌కీ మధ్య వెంట్రుక సందే ఉంటుందట. అవి ఒకదాన్నొకటి తాకకూడదు, మధ్యలోంచి గాలి పారిపోకూడదు. గీకామంటే ఆ సందు పెరిగి ఇక ఎందుకూ పనికిరాదు. బంకను కరిగించాలే తప్ప గీకకూడదు. నానబెట్టడం, తుడవడం, వెలుగులో చూడడం, మళ్లీ నానబెట్టడం. మా మామ్మ ఇత్తడి దీపపు కుందులు చింతపండుతో తోమేటప్పుడు ఇంతే నిదానం. నాలుగోసారి ఎత్తి వదిలినప్పుడు మా పిస్టన్ కూడా ఠక్కుమంది. పక్క కొట్టు కుర్రాడు చప్పట్లు కొట్టాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయంటే పెట్రోలు ఘాటుకేనని అక్కడ అందరికీ చెప్పాను.

సూదిని వెలుగుకెత్తి చూపించాడు. ఒక పక్కన అరిగి ఉంది. జెట్ కన్నం గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా సాగింది. ఈ రెండూ మార్చాల్సిందే అన్నాడు. వెనక డబ్బాలో వందల సూదులున్నాయి. ఒక్కో సూది మెడ మీద ఒక్కో గుర్తు చెక్కి ఉంటుంది. కళ్లద్దాలు పైకెత్తి, గుర్తు ముక్కుకి ఆనేలా పెట్టి చదివి, నలభయ్యో యాభయ్యో చూశాక ఒకటి ఇచ్చాడు.

ఇక ఫ్లోట్. పెట్రోలు మట్టం పెరిగినప్పుడు తేలి తలుపు మూసే ఇత్తడి బుడగ అది. చెవి దగ్గర పెట్టి ఊపాడు, నా చెవి దగ్గరా ఊపాడు. లోపల గలగల. అంటే ఎక్కడో సన్నని కన్నముంది, పెట్రోలు లోపలికి దూరింది. అలాంటి బుడగ తేలదు, తలుపు మూసుకోదు, కార్బొరేటర్ పొంగిపొర్లుతుంది. కన్నం కంటికి కనబడితేగా. చాచా ఎదుటి టీ కొట్టువాణ్ణి కేకేశాడు. వాడు పాత సత్తు మగ్గులో సలసల కాగే నీళ్లు తెచ్చాడు, అలవాటైన పనిలాగే. బుడగని అందులో వేశారు. ఒక అంచు నుంచి ఆవగింజల్లాంటి నీటి బుడగలు వరసకట్టి లేచాయి. వేడికి లోపలి గాలి ఉబ్బి కన్నం జాడ చెప్పేసింది! అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టాడు. లోపలి పెట్రోలంతా ఎగిరిపోయాకే టంకం పెట్టాలి, లేకపోతే చేతిలో పేలుతుంది, రెండు గంటలు తిరిగి రమ్మన్నాడు. టంకం ఎక్కువ పెట్టినా బరువెక్కి మునుగుతుందట, ఆ చుక్క మినపగింజంతే ఉండాలట.

ఆ రెండు గంటల్లో భోజనం. ఆ చుట్టుపక్కల బిర్యానీకి పేరు. పళ్లెం రాగానే అన్నంలో చెయ్యి పెడితే కోడిగుడ్డంత బంగాళాదుంప తగిలింది. పొరపాటున పడిందనుకుని పక్కన పెట్టాను. ఎదుటి బల్ల ఆయన బాధపడ్డాడు. ఇక్కడ బిర్యానీకి ప్రాణం ఆ దుంపేనట. అవధ్ నవాబు వాజిద్ అలీ షాను 1856లో గద్దె దింపాక ఆయన ఈ ఊరొచ్చి మటియాబుర్జ్‌లో ఉన్నాడు, వెంట వచ్చిన వంటవాళ్ల చేతిలోంచే దుంప బిర్యానీలో పడిందని చెబుతారు. కారం తక్కువ, అత్తరు వాసన ఎక్కువ. హైదరాబాద్ బిర్యానీకి అలవాటైన నాలిక ముందు అలిగింది, సగంలో రాజీపడింది. దుంప మాత్రం మసాలా పీల్చుకుని మాంసం కన్నా బాగుంది. ఇది హైదరాబాదు వాళ్లకి చెప్పకండి. వీధుల్లో ఇంకో వాసన వెంటాడుతూ ఉంటుంది, ఆవనూనెది. ఆవపిండి మనకి ఏడాదికోసారి ఆవకాయ రోజున ఇంటినిండా ఘాటెక్కిస్తుంది. అక్కడ రోజూ ఆవకాయ రోజే.

దగ్గర్లోనే మైకేల్ మధుసూదన్ దత్ సమాధి ఉన్న శ్మశానం ఉంది. మన మద్రాసులో కొన్నేళ్లు పంతులుగా పనిచేసిన కవి కదా అని వెళ్లి, నా బంతిదండ అక్కడే పెట్టేసి వచ్చాను. కారు ఏమీ అనుకోదు.

తిరిగొచ్చేసరికి చాచా పంపు విప్పి ఉంచాడు. ఈ పంపు కరెంటుతో పనిచేసేది, కొట్టుకునేటప్పుడు టిక్కుటిక్కుమంటుంది. లోపలి పాయింట్లు నల్లబడ్డాయి. డయాఫ్రం అప్పడంలా ఎండిపోయింది. ఆయన వేళ్ల మధ్య వంచితే చప్పుడుతో సహా అప్పడంలాగే విరిగింది. కొత్త డయాఫ్రం వేస్తూ పైపుల సంగతి అడిగాడు. ఇప్పటి పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్, పాత రబ్బరుకు అది పడదు, మెత్తబడి ఉబ్బి లోలోపల రాలుతుంది, దానికి తట్టుకునే కొత్త రకం రబ్బరు పైపే వేయించమన్నాడు. పైగా ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, నెలల తరబడి బండిని కదల్చకపోతే ట్యాంకు మళ్లీ తుప్పు పడుతుంది. చెరకు నుంచీ ఇథనాల్ తీస్తారు. మా గోదావరి చెరకే మా కారు రబ్బరును తింటుందన్నమాట.

ఈ ఎస్‌యూ అంటే స్కిన్నర్స్ యూనియన్ అని నేను తర్వాత చదివాను. లండన్లో చెప్పుల వ్యాపారం చేసే స్కిన్నర్ కుటుంబంలోని జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్ 1905లో దీని పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. మొదట్లో పిస్టన్ బదులు లోపల తోలు తిత్తి ఉండేదట. చెప్పుల కొట్టు పిల్లాడికి తోలు కాక ఇంకేం తోస్తుంది!

మట్టి ముంతల్లో టీ వచ్చింది. తాగాక ముంతను నేలకేసి కొట్టాలట. నాకు చెయ్యి రాలేదు, కడిగి సంచిలో వేసుకున్నాను. బదులుగా పూతరేకులు తీశాను. చాచా ఒకటి అందుకుని, అటూ ఇటూ తిప్పి, పైకాగితం విప్పడానికి గోరుతో అంచు వెతకడం మొదలెట్టాడు. ఆ కాగితమే తినాలి చాచా అన్నాను. నమ్మలేదు. పక్క కుర్రాడు వేళ్లతో మందం చూసి "గాస్కెట్ కాగితమా?" అన్నాడు. బియ్యప్పిండితో, మంటపైన బోర్లించిన కుండ మీద గుడ్డ తడిపి లాగితే వచ్చే రేకని నా హిందీలో చెప్పడానికి చాలా అవస్థ పడ్డాను, చేతులతో అభినయించాను. తిన్నారు. చొక్కాల నిండా నెయ్యీ బెల్లం పొడీ. అయిదు నిమిషాల్లో నాలుగు కొట్లవాళ్లు వచ్చారు, రెండు పెట్టెలూ ఖాళీ. అన్నీ కలిపి మూడు వేల ఏడువందలైంది, పైగా వాషర్ల పొట్లం ఊరికే ఇచ్చాడు.

సాయంత్రం హౌరా వైపు తిరిగి మెట్రోలో వెళ్లాను. ఎస్ప్లనేడ్ నుంచి ఆ రైలు హుగ్లీ నది అడుగు నుంచి పోతుంది, 2024 మార్చిలో మొదలెట్టారు. గోదావరి మీద ఎన్నిసార్లు చిల్లర వేశానో లెక్కలేదు, నది కింద వెళ్తే చిల్లర ఎటు వేయాలో తెలియలేదు. స్టేషన్లో తనిఖీ యంత్రం దగ్గర నా క్యారేజీ ఆగిపోయింది. తెరమీద ఆ బొమ్మ చూస్తే నాకే అనుమానం వేసింది. పోలీసాయన మూత తీసి, పిస్టన్ బుడ్డి పట్టుకుని, నా మొహం కేసి చూసి, "అంబాసిడర్?" అన్నాడు. వాళ్ల నాన్నది టాక్సీ అట. నాకన్నా ముందు ఆయనే వేలితో పిస్టన్ ఎత్తి వదిలాడు. ఠక్.

మర్నాడు రైలుకి టైముందని హౌరా నుంచి లోకల్ ఎక్కి హింద్‌మోటార్ వెళ్లాను. ఉత్తర్‌పాడా తర్వాతి స్టేషన్. కారు కంపెనీ పేరే స్టేషన్ పేరు. హిందుస్థాన్ మోటార్స్ 1942లో మొదలై, 1948లో ఇక్కడికొచ్చింది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో రకం కారే ఇక్కడ అంబాసిడర్ అయింది. మా కారు పుట్టిన చోటు. చూడ్డానికేమీ లేదు, గోడలూ చెట్లూ మూసిన గేటూ. కాపలా ఆయనకి నా టిఫిన్ క్యారేజీ చూపించాలనిపించింది గానీ ఊరుకున్నాను. ప్లాట్‌ఫాం మీద ఝాల్‌ముడీ తిన్నాను. మన పిడత కింద పప్పుకి వేలువిడిచిన చెల్లెలు, ఆవనూనె పోసుకుంది.

ఇంటికొచ్చిన మూడో రోజున మేస్త్రీగారు అన్నీ బిగించారు. బుడ్డిలో పల్చటి ఇంజినాయిలు పోశారు, చాచా చెప్పినట్టు మెడ దాకా కాకుండా. కొత్త పెట్రోలు అయిదు లీటర్లు పోసి తాళం చెవి మొదటి మెట్టు దాకా తిప్పమన్నారు. షెడ్డులో అందరం నోళ్లు మూసుకున్నాం. టిక్ టిక్ టిక్ టిక్ అంటూ పంపు మొదలైంది. ఖాళీ గొట్టాలు నిండే కొద్దీ నెమ్మదించింది. టిక్. టిక్. ఆగింది. అలా ఆగితే ఫ్లోట్ గిన్నె నిండి తలుపు మూసుకున్నట్టు. ఆగకపోతే ఎక్కడో కారుతున్నట్టు. ఆగిందని సంబరపడేలోపే మళ్లీ టిక్. మేస్త్రీగారు గొట్టాల వెంట టార్చిలైటు పట్టుకుని పాకి, ఒక జాయింటు దగ్గర చుక్క కనిపెట్టారు. చాచా ఊరికే ఇచ్చిన వాషరే దానికి సరిపోయింది.

చోక్ లాగి మీట నొక్కాను. నాలుగోసారికి అంటుకుంది. తెల్లటి పొగ, కొబ్బరి చెట్టు మీంచి కాకులన్నీ లేచిపోయాయి. పిల్లి అలిగి అటకెక్కింది. ఆ ఆదివారం ద్రాక్షారామం వెళ్లొచ్చాం, దారిలో ఒక్కసారి కూడా ఆగలేదు. పెట్రోలు ముల్లు మాత్రం పనిచెయ్యదు, ట్యాంకులో కర్ర ముంచి చూసుకుంటున్నాం.

మీ షెడ్డులో ఇలాంటిదేదైనా ఉంటే తాళం చెవి తిప్పకండి, ముందు ట్యాంకు ఖాళీ చేయించండి. కలకత్తా వెళ్లాల్సి వస్తే పాత ముక్క కడిగి పట్టుకెళ్లండి, పూతరేకులు రెండు పెట్టెలు చాలవు. మల్లిక్ ఘాట్ అనకండి, మల్లిక్ బజార్ అనండి. పొరపాటున ఘాట్ అన్నా ఫర్వాలేదు, పూలు బాగుంటాయి.